గృహ యంత్రములు: మోటారు కవాటముల మరమ్మతు

కృష్ణా జిల్లానుండి ఒక సోదరి ఈ శీర్షికకు వ్రాసిన జాబు పోయిన నెల నాకందినది. ఆమె భర్త పక్షవాతముతో మంచము పట్టి మూడేండ్లయినది. నాటినుండి వారి పాత కారే ఇంటికి ఆధారము. బంధువుల కుఱ్ఱవాడొకడు దానిని బాడుగకు త్రిప్పుచున్నాడు. పెట్రోలు ఖర్చునకు తాళలేక రెండేండ్ల క్రిందట గ్యాసు అమర్చించిరి. ఇప్పుడా బండి ఉదయమున ఒక పట్టాన కదలదు; నిలిచియున్నప్పుడు వడవడ వణకును; వంతెన మిట్ట ఎక్కవలసివచ్చినపుడు శక్తి చాలక మూల్గును. మరమ్మతు మేస్త్రి చూచి, “ఇంజను పోయినదమ్మా, వేఱొక ఇంజను వేయవలసినదే” యని తేల్చి చెప్పెనట. చేతి గాజులు అమ్మక తప్పదా, అమ్మిన పిదపనైనను బండి బాగుపడునా యని ఆమె అడిగినది.

చూడని బండికి నేనిక్కడనుండి వైద్యము చెప్పజాలను. మేస్త్రి కల్లలాడెననియు అనను. కాని “ఇంజను పోయినది” అను మాట, వైద్యుడు వచ్చి “ఒంట్లో బాగులేదు” అని చెప్పి లేచిపోవుట వంటిది. ఏ భాగము చెడినదో, అది చెడినదని తానెట్లు కనుగొనెనో చెప్పనిదే గాజులు తీయవలసిన పనిలేదు. ఆ సోదరి వ్రాసిన లక్షణములు, అందును గ్యాసు అమర్చిన పిదప క్రమముగా పుట్టినవి, నాకు మొట్టమొదట కవాటములనే తలపించుచున్నవి. మేస్త్రీలు వీనిని వాల్వులందురు. కవాటముల మరమ్మతు చిన్న పని కాదు. అయినను ఇంజను మొత్తము కొనుటతో పోల్చినచో ఖర్చు మిక్కిలి తక్కువ. ఇది స్త్రీల పత్రికలో వ్రాయదగిన విషయమా యని శంకించువారికొక్క మాట: ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అను వనిత స్త్రీల కొఱకే మోటారు బండిని గూర్చి 1909లోనే ఒక పుస్తకము ప్రకటించినది. గాజులు మనవి గనుక ప్రశ్నలు కూడ మనమే అడుగుట న్యాయము.

ఇంజనులో పిస్టను పైకి క్రిందికి ఆడు గొట్టమును సిలిండరు అందురు. దాని పైకప్పు సిలిండరు హెడ్డు. ఆ కప్పులో రెండు విధముల ద్వారములుండును: గాలియు ఇంధనమును లోనికి వచ్చుటకొకటి, కాలిన పొగ వెలికి పోవుటకొకటి. ఆ ద్వారములకు వేసిన తలుపులే కవాటములు. చూచుటకవి కాడతో కూడిన పుట్టగొడుగుల వలె నుండును. పుట్టగొడుగు తల అంచు ఏటవాలుగా చెక్కబడి, తన పీఠముపై గిన్నెమీది మూత వలె ఎడము లేక కూర్చుండును. స్ప్రింగు దానిని మూయుచుండును. క్యాంషాఫ్టు అను ఇరుసుపైనున్న ఉబ్బు దానిని నెట్టి తెఱచుచుండును. పాత బండ్లలో సిలిండరొకటికి రెండు కవాటములుండెడివి. నేటి బండ్లలో తఱచుగా నాలుగుండును. అనగా నాలుగు సిలిండర్ల బండికి 16.

ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క కవాటము సెకనునకు 25 మాఱులు తెఱచుకొని మూసికొనును. పొగ వెడలు కవాటపు తల 700 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని దాటి, కుంపటిలోని ఇనుపచువ్వ వలె ఎఱ్ఱబడియుండును. అట్టిది దినమెల్ల పనిచేసియు కాలిపోక ఎట్లు నిలుచును? మూసికొన్న క్షణమాత్రములోనే అది తన వేడిని పీఠమునకు అప్పగించును. పీఠము హెడ్డునకు, హెడ్డు తనలో ప్రవహించు నీటికి ఆ వేడిని అందించును. వేడిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఈ త్రోవనే పోవును. తక్కినది కాడగుండ దిగును. కవాటమును పీఠమును ఒండొంటిని తాకు ఆ పట్టీ వెడల్పు ఎంతయనుకొన్నారు? ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్లు. ఒక బియ్యపుగింజ వెడల్పు.

ఆ పట్టీ మీద మసిపెళ్ళ చిక్కినను, అది అఱిగి గుంటపడినను కవాటము సరిగా మూయదు. నిప్పువంటి వాయువు ఆ సందున దూసికొనిపోవును. పీఠమును తాకని చోట వేడి దిగుటకు దారిలేక, అంచు మాడి, అప్పడపు అంచు విఱిగినట్లు తునిగిపోవును. దీనినే వాల్వు కాలుట యందురు. అప్పుడా సిలిండరులో ఒత్తిడి నిలువదు. నలుగురు మోయు పల్లకిని ముగ్గురు మోసినట్లు ఇంజను తూలుచు నడచును. ఆ సోదరి చెప్పిన వణకు ఇట్టిదే కావచ్చును.

ఇక గ్యాసు మాట. పెట్రోలు తడిగా వచ్చును. గ్యాసు పొడిగా వచ్చును. పొడిగా కాలునప్పుడు కవాటమును పీఠమును లోహమునకు లోహము కొట్టుకొని, ఆ వేడిలో కంటికి కానరానంతగా అతుకుకొని చీలుచుండును. క్రమముగా పీఠము అఱిగి కవాటము దానిలోనికి దిగబడును. తల ఆవలికి దిగినకొలది కాడ కొన ఈవలికి పొడుచుకొని వచ్చును. ఆ కొనకును దానిని నెట్టు టాపెట్టునకును నడుమ, ఒక పోస్టుకార్డు మందమంత ఖాళీ విడువబడియుండును. వేడికి కాడ పెరుగును గనుక ఆ ఖాళీ అవశ్యము. పీఠము అఱిగినకొలది అది తఱిగి, తుదకు ఏమియు మిగులదు. అప్పుడు స్ప్రింగు ఎంత లాగినను కవాటము మూయుటకు చోటుండదు. ఎల్లప్పుడును రవంత ఓరగా తెఱచియే యుండును.

ఇందొక వింత గలదు. ఖాళీ ఎక్కువైనపుడు టాపెట్లు టకటక మని సద్దు చేయును. ఇంటివారు కంగారుపడి మేస్త్రిని పిలుతురు. ఖాళీ తఱిగినపుడు ఇంజను మునుపటికంటె మెత్తగా, సద్దులేక నడచును. బండి కుదుటపడినదని అందఱు సంతోషింతురు. చేటు తెచ్చునది ఈ రెండవదే. ఎప్పుడు అల్లరిచేయు పిల్లవాడు ఒకనాడు ఊరక ఒక మూల కూర్చున్నచో తల్లి వాని నుదురు తాకి చూడదా? సద్దుమణగిన పాత గ్యాసు బండిని గూడ అట్లే అనుమానింపవలయును. గ్యాసుతో నడుచుటకే కర్మాగారమున గట్టి పీఠములు వేసి చేసిన బండ్లకు ఈ బాధ తక్కువ. తరువాత బయట అమర్చించుకొన్న వానికే ఎక్కువ. కొన్ని ఇంజనులలో నూనె ఒత్తిడిచే ఆ ఖాళీని తమంతట తామే సరిచేసికొను భాగములుండును. వానికి ఈ కొలత పనిలేదు. తమ బండి ఏ తెగకు చెందినదో దానితో వచ్చిన పుస్తకములో చూడవచ్చును.

ఒకప్పుడు పెట్రోలులోని సీసము ఈ పీఠములను కాచుచుండెడిది. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జిలీ, పెట్రోలు అదను తప్పి ప్రేలి ఇంజనులో పుట్టించు టకటకను మాన్పుటకు ఒక సీసపు సమ్మేళనము పనికివచ్చునని కనుగొనెను. కాలిన సీసము పీఠములపై పలుచని పూతయై నిలిచి, లోహము లోహమును ఒరయకుండ అడ్డుపడుట అదనపు లాభమైనది. మన పాత అంబాసిడరు బండిలో హెడ్డు పోతయినుముతో చేయబడినది. పీఠములు ఆ ఇనుములోనే చెక్కబడియుండెను, ఆ పూతయే వానికి రక్ష. కాని ఆ సీసము పొగగొట్టమునుండి వీధిలోనికి, వీధినుండి పసిపిల్లల రక్తములోనికి చేరి వారి బుద్ధివికాసమును కుంటుపఱచినది. మన దేశమందంతట 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి మోటారు బండ్లకు సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. 2021లో అల్జీరియాయు మానుకొనుటతో ప్రపంచమున ఎచ్చటను బండ్లకు సీసపు పెట్రోలు లేకపోయినది. “నాటి పెట్రోలే మేలు, వాల్వులు చిరకాలముండెడివి” అని పాత బండివారు నిట్టూర్చుట నేను విన్నాను. పిల్లల తెలివిని అఱగదీసి ఇనుమును కాపాడుకొనుట ఏమి మేలో నాకు బోధపడదు. గట్టి లోహపు పీఠములు పొదిగించినచో అంబాసిడరైనను నేటి పెట్రోలుతో సుఖముగా నడచును.

చెడినది కవాటమేయని ఎట్లు తెలియును? ఊహతో కాదు, కొలతతో. ప్రతి మంచి మరమ్మతుశాలలోను కంప్రెషను గేజి అను చిన్న పరికరముండును. ఇంజను వెచ్చగానున్నప్పుడు స్పార్కు ప్లగ్గులన్నియు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, ఒక్కొక్క సిలిండరునకు గేజి తగిల్చి ఇంజనును త్రిప్పుదురు. ఆరోగ్యముగల పెట్రోలు ఇంజనులలో పెక్కింటియందు చదరపు సెంటీమీటరునకు 10 మొదలు 14 కిలోగ్రాముల వఱకు ఒత్తిడి కానవచ్చును. అంకెకంటె సిలిండర్ల నడుమ భేదము ముఖ్యము. మూడు 12 చూపి నాలుగవది 5 చూపినచో దోషమందున్నది. అంతట ఆ సిలిండరులో ఒక గరిటెడు ఇంజను నూనె పోసి మఱల కొలుతురు. నూనె పిస్టను చుట్టునున్న రింగుల సందులను కొంతసేపు పూడ్చును గనుక, ఒత్తిడి పెరిగినచో లోపము రింగులది; పెరుగకున్నచో కవాటములదో, హెడ్డు క్రింది గ్యాస్కెట్టుదో. ఈ పరీక్షకు ఒక గంట చాలును. దీనిని చేయకయే ఇంజను మార్చుమను మేస్త్రిని, “కొలిచి చూచితివా నాయనా, ఏ సిలిండరునకు ఎంత వచ్చినది?” అని అడుగుటలో మర్యాదకు లోపమేమియులేదు.

ఇంకను నిశ్చయముగా తెలిసికొనగోరినచో, పిస్టను పైకొసకు వచ్చి రెండు తెగల కవాటములును మూసియున్న స్థితిలో నిలిపి, ప్లగ్గు రంధ్రముగుండ గాలి పంపు పద్ధతి గలదు. బుసబుస పొగగొట్టము వద్ద వినవచ్చినచో వెలి కవాటము కాఱుచున్నది. గాలి పీల్చు గొట్టము వద్ద వినవచ్చినచో లోపలి కవాటము. నూనె పోయు మూత తీసినచోట వినవచ్చినచో రింగులు. రేడియేటరు నీటిలో బుడగలు లేచినచో గ్యాస్కెట్టో, పగిలిన హెడ్డో. ఇది చెవితో చేయు పరీక్ష. కుక్కరు ఆవిరి ఎచ్చట తప్పుకొనుచున్నదో చెవితో పట్టగల మనకు ఇది క్రొత్త విద్య కాదు.

నీలిపొగ మాట కూడ చెప్పవలయును, ఏలయన దానినిబట్టియే అనేకులు ఇంజను పోయినదని బెదరుదురు. ఉదయమున మొదట త్రిప్పినపుడు మాత్రము ఒక నీలితెర వచ్చి ఆగిపోయినచో, అది పలుమాఱు కవాటపు కాడలకు తొడిగిన చిన్న రబ్బరు సీళ్ళ దోషము. రాత్రి నూనె వానిగుండ బొట్టుబొట్టుగా దిగి ఉదయమున కాలును. ఆ సీళ్ళు చవుకవి. పెక్కు బండ్లలో హెడ్డు విప్పకయే మార్చవచ్చును. నడచినంతసేపును నీలిపొగ వచ్చుచున్నచో అది రింగుల పని, పెద్ద ఖర్చు.

కవాటములే యని తేలినదనుకొందము. హెడ్డు విప్పి లేతు పనివారికి పంపుదురు. వారు మొదట చేయవలసినది ఏ కవాటము ఏ ద్వారమునందున్నదో గుఱుతు పెట్టి ఉంచుట. ఏ గిన్నె మూత ఆ గిన్నెకే సరిపడునట్లు, కలిసి అఱిగిన జంటలను విడదీయరాదు. ఒక అట్టముక్కకు వరుసగా రంధ్రములు పొడిచి కాడలు గ్రుచ్చి ఉంచు పనివాడు నమ్మదగినవాడని నా అభిప్రాయము. ఒక గంపలో కుమ్మరించువానికి నేను నా బండి ఇయ్యను.

తరువాత కాడ ఆడు గొట్టమును, అనగా గైడును, చూతురు. అది వదులైనచో కవాటము ఒఱగి కూర్చుండును. గైడు మార్పు మొదట, పీఠము చెక్కుట పిమ్మట. ఇది తలక్రిందులైనచో పని వ్యర్థము. పీఠమును చెక్కు పరికరము గైడులో నిలిపిన కడ్డీని కేంద్రముగా చేసికొనియే తిరుగును గనుక, వదులు గైడును నమ్మి చెక్కిన పీఠము వంకరగనే వచ్చును. ఖర్చు తగ్గింతుమని గైడులు విడిచిపెట్టి పీఠములు మాత్రము చెక్కించినవారికి ఆ బాధయే మఱల వచ్చుట యిందువలననే.

కవాటపు అంచు కొద్దిగా గుంటలు పడినచో, యంత్రముపై సానపట్టి మఱల వాడవచ్చును. అంచు కాలి తునిగినను, కాడ వంగినను, అఱిగి సన్నగిల్లినను, సానపట్టిన పిదప తల అంచు కత్తివాదర వలె పలుచనైనను క్రొత్తదే వేయవలయును. పలుచని అంచు వేడి నిలుపుకొని త్వరలో కాలును. పీఠములు మిక్కిలి లోతుగా దిగినచో పాతవానిని తొలగించి గట్టి లోహపు వలయములు పొదుగుదురు. హెడ్డును వేడిచేసి, వలయమును మంచువలె చల్లబఱచి దిగవేయుదురు. రెండును ఒకే వేడికి వచ్చినపుడు బిఱ్ఱుగా పట్టుకొనును. బండి చక్రమునకు ఇనుప పట్టా వేయునపుడు కమ్మరి చేయు పనియు ఇట్టిదే. గ్యాసు బండికి సాధారణ పీఠములు కాక గ్యాసునకు తగిన కఠిన పీఠములే వేయుమని ముందుగనే చెప్పవలయును. తరువాత చెప్పి లాభములేదు.

కడపట కవాటమునకును పీఠమునకును నడుమ గరుకు ముద్ద పూసి, రబ్బరు కప్పు తగిల్చిన కఱ్ఱను అఱచేతుల నడుమ చల్లకవ్వము త్రిప్పినట్లు ఇటునటు త్రిప్పుచు నూఱుదురు. రెండును బూడిదరంగున తెగని పట్టీగా కానవచ్చువఱకు నూఱుట ఆచారము. అటుపై ఆ గరుకును లేశమైనను మిగులకుండ కడుగవలయును. క్రొత్తగా కక్కు కొట్టించిన తిరగలిలో మొదట విసరిన పిండిని మనము పాఱబోయుదుము, రాతిపొడి కలిసియుండునని. ఇంజనునకు పాఱబోయు అవకాశము లేదు. మిగిలిన గరుకు సిలిండరులోనికి దిగి దానిని గీచి పాడుచేయును.

డబ్బు చెల్లింపకమునుపు ఒక పరీక్ష చూపుమని అడుగుడు. కవాటములు, స్ప్రింగులు బిగించిన హెడ్డును ప్లగ్గులతో సహా తలక్రిందులుగా నుంచి, కవాటముల తలలు మునుగునట్లు కిరసనాయిలు పోసి పావుగంట ఆగి, ప్రక్క ద్వారములలోనికి తొంగి చూడవలయును. లోపల తడి కనబడినచో ఆ కవాటము ఇంకను కాఱుచున్నట్లే. ఇందుకు విద్య యేమియు నక్కఱలేదు, కన్నులు చాలును. నిజాయితీగల పనివాడు దీనిని తానై చూపును.

మేస్త్రి చెప్పినదే నిజమగు సందర్భములును కలవు. రింగులు, సిలిండరు గోడలు, క్రింది బేరింగులు అన్నియు అఱిగియుండగా హెడ్డునకు మాత్రము సొమ్ము పోయుట, చిల్లుల కుండకు క్రొత్త మూత కొనుట. కొన్ని ఇంజనులలో క్యాంషాఫ్టును త్రిప్పు రబ్బరు బెల్టు తెగినచో, తెఱచియున్న కవాటములను పిస్టను వచ్చి కొట్టి ఒక్క క్షణములో వంచివేయును. పిస్టనులును పగిలినచో మార్పే గతి కావచ్చును. ఆ బెల్టును గడువు ప్రకారము మార్పించుట మిక్కిలి చవుక. ఇంజను మార్పించుటయే నిశ్చయమైనను, పాత బండినుండి ఊడదీసి తెచ్చు ఇంజనునకు గూడ ముందు చెప్పిన ఒత్తిడి పరీక్ష చేయింపక కొనరాదు. దాని కవాటములు మన వానికంటె మేలని ఎవరు చూచిరి? మఱియు ఇంజను సంఖ్య క్రింది దిమ్మపై చెక్కబడియుండును గనుక, ఇంజను మార్చినవారు రవాణా కార్యాలయమున బండి పత్రములో ఆ సంఖ్యను మార్పించుకొనవలయును. హెడ్డు మరమ్మతునకు ఆ చిక్కు లేదు. బాడుగ బండికి పత్రములలో సంఖ్య తప్పినచో దారిలో ఆపి అడుగువారికి సమాధానము చెప్పుట కష్టము.

ఖర్చు చీటిని మొత్తముగా గాక విడివిడిగా వ్రాయించుకొనుడు: కవాటములెన్ని, పీఠములెన్ని, గైడులెన్ని, సీళ్ళు, గ్యాస్కెట్టు, లేతు పని, విప్పి బిగించు కూలి. గ్యాస్కెట్టు ఎల్లప్పుడును క్రొత్తదే. పాతదానిని తుడిచి పెట్టుట మరల విప్పుటకే. హెడ్డు బోల్టులు నడుమనుండి వెలుపలికి, కొలతగల టార్కు రెంచితో బిగింపబడవలయును. కొన్ని బండ్లలో ఆ బోల్టులు బిగించినపుడు సాగుచుండును. అట్టివానిని గూడ క్రొత్తవే వేయుదురు. తీసివేసిన పాత కవాటములను అడిగి తెచ్చుకొనుడు. మార్చినట్లు అదియే సాక్ష్యము.

బండి ఇంటికి వచ్చిననాడు మీటరులోని కిలోమీటర్లను పద్దుపుస్తకములో వ్రాసికొని, 1000 కిలోమీటర్లు తిరిగిన పిదప టాపెట్ల ఖాళీని మఱల కొలిపింపవలయును. క్రొత్త పీఠములు కుదురుకొనునపుడు ఆ కొలత రవంత మాఱును. గ్యాసు బండికి ఆ తరువాతను, పుస్తకములో పెట్రోలునకు చెప్పిన గడువులో సగమునకే కొలిపించుట మంచిదని నా తలంపు. ఉదయమున పెట్రోలుతో బయలుదేరి, ఇంజను వెచ్చబడిన పిదప గ్యాసునకు మార్చుమని నడుపు కుఱ్ఱవానికి చెప్పుడు. టాపెట్ల కొలతకు పట్టునది ఒక పూట పని. వాని నెత్తిన భారము వేయక, ఆ తేదీని పాలవాని లెక్క ప్రక్కనే గోడ క్యాలెండరుపై మీరే వ్రాసియుంచుడు.